ఇద్దరు కుట్టిన చొక్కా

ఇరవై మూడేళ్ల పాటు మనుషుల్ని పైకి తీసుకెళ్లి కిందికి దింపడమే అతని ఉద్యోగం. తొమ్మిది అంతస్తుల ఆఫీసు భవనంలో, ఇనుప జాలీ తలుపు లాగి, "ఎన్నో అంతస్తండీ?" అని అడిగి మీట తిప్పేవాడు. ఒక రోజు పాత లిఫ్టు తీసేసి కొత్తది పెట్టారు. దాన్ని నడపడానికి మనిషి అక్కర్లేదు. యాభై ఒకటో ఏట అతన్ని ఇంటికి పంపించేశారు. ఉద్యోగం పోయినా పిలుపు పోలేదు. వీధిలో అందరికీ అతను లిఫ్టాయనే.

టైర్ల దుకాణం పైన ఒక్క గది అతని ఇల్లు. పెళ్లి ఊసు ఒకప్పుడు రెండు మూడుసార్లు వచ్చి, ఎందుకు ఆగిందో ఎవరికీ గుర్తులేకుండానే ఆగిపోయింది. వేరే ఊళ్లో ఉన్న చెల్లెలు ప్రతి ఆదివారం ఫోన్ చేసేది.

"అన్నయ్యా, ఈ వారం ఎవరితోనైనా మాట్లాడావా?"

"ఆ. పాలాయనతో."

"ఏమని?"

"ఒక్క పాకెట్టు చాలని."

చెల్లెలు "ఇలా కాదు గానీ, మూలన నా కుట్టుమిషను ఉందిగా, దాని దుమ్ము దులుపు," అంది. ఆ వారమే వృత్తి శిక్షణ కేంద్రంలో దర్జీ పని నేర్పే తరగతికి అతని పేరు తనే రాయించేసింది. ఆరు నెలల చదువు. సోమవారం నుంచి గురువారం దాకా పదకొండు గంటలకి ఫోన్‌లో పాఠం. శనివారం మాత్రం కేంద్రానికి వెళ్లి మిషన్ల ముందు కూర్చోవాలి. మిషన్లు ఏడే ఉన్నాయి కాబట్టి శనివారం పొద్దున ఏడుగురు, మధ్యాహ్నం ఏడుగురు.

మొదటి రోజు ఫోన్‌లో పద్నాలుగు గళ్లు కనిపించాయి. అందులో సగం నల్లగా ఉన్నాయి. ఒక గడిలో గోడ గడియారం, ఇంకో గడిలో ఎవరిదో సగం చెవి, మరో గడిలో పైకప్పు. పాఠం చెప్పే ఆవిడ బట్టల ఫ్యాక్టరీలో ఇరవయ్యేళ్లు పనిచేసి వచ్చిన మనిషి. అందరూ కటింగ్ మేడమ్ అనేవారు. "వినపడుతోందా?" అని ఆవిడ అడిగితే ఎవరూ పలకలేదు. లిఫ్టాయన "ఆ" అన్నాడు గానీ మైకు మూసి ఉంది. ఆ సంగతి అతనికి రెండు వారాల తర్వాత తెలిసింది. రెండు వారాలూ మేడమ్ అడిగిన ప్రతిదానికీ గదిలో కూర్చుని అతనొక్కడే జవాబు చెప్పాడు.

కుట్టింది ఫోటో తీసి గ్రూపులో పెట్టాలి, ప్రతి ఒక్కరూ తోటివాళ్ల ఫోటోలు రెండింటికి తప్పకుండా ఏదైనా రాయాలి. అది నియమం. అందరూ నియమం పాటించారు. "సూపర్", "బాగుంది అక్కా", "చాలా బాగుంది", ఒక పువ్వు బొమ్మ. లిఫ్టాయన కూడా "బాగుంది" అని రెండుసార్లు రాసి, ఫోన్ పక్కన పెట్టేసేవాడు. అతని ఫోటో కింద కూడా రెండు "బాగుంది"లు పడేవి. అవి రాసిన ఇద్దరిలో ఒక్కరి ముఖమైనా అతనికి తెలియదు.

రెండో నెలలో ఒక సోమవారం మేడమ్ చాలా కోపంగా వచ్చింది.

"నిన్న నేనొక చొక్కా ఫోటో పెట్టాను. చూశారా?"

పద్నాలుగు గళ్లూ చప్పుడు చెయ్యలేదు.

"చూసే ఉంటారు. పదకొండు మంది బాగుందన్నారు. ఒకరు సూపర్ అన్నారు, ఒకరు పువ్వు పెట్టారు." ఆవిడ చొక్కా ఎత్తి కెమెరా ముందు పట్టుకుంది. "దీని జేబు తలకిందులుగా ఉంది. కావాలనే అలా కుట్టాను. మూతి కిందికి ఉంది. ఇందులో పెన్ను పెట్టుకుంటే తిన్నగా చెప్పులో పడుతుంది."

ఎవరో కిసుక్కున నవ్వి మైకు మూసుకున్నారు. లిఫ్టాయనకి చెవులు వేడెక్కాయి. పదకొండులో తనూ ఉన్నాడు.

"ఫోటో పెట్టనిదీ, ఏమీ రాయనిదీ పెద్దమ్మగారు ఒక్కరే," అంది మేడమ్.

పైకప్పు కనిపించే గడిలోంచి బొంగురు గొంతు వచ్చింది. "నాకు ఫోటో తీయడం రాదమ్మా. వచ్చుంటే తిట్టేదాన్ని."

ఆ గడి మనిషి క్లాసులో అందరికంటే పెద్ద, అరవై ఎనిమిదేళ్లు. ఆవిడ ఫోన్ ఎప్పుడు చూసినా పైకప్పునీ, తిరగని ఫ్యాన్‌నీ చూపించేది తప్ప మనిషిని చూపించలేదు. అందరూ పెద్దమ్మ అని పిలిచేవారు.

మేడమ్ ఆ రోజే నియమం మార్చేసింది. ఇకనుంచి గ్రూపులో "బాగుంది"లు వద్దు. ఇద్దరిద్దరు కలిసి ఒక్కో చొక్కా కుట్టాలి. ఒకరు కాలరు, కఫులు కుట్టి కేంద్రంలోని అరలో పెడతారు. రెండోవారు వాటిని తీసుకెళ్లి, తాము కుట్టిన చొక్కాకి అతికి, మళ్లీ అదే అరలో పెడతారు. ఎదుటివాళ్ల కుట్టు గురించి చీటీ రాసి గుండుసూదితో బట్టకే గుచ్చాలి. "ఒకరి తప్పు ఇంకొకరి మెడకి చుట్టుకుంటే గానీ మీరు మాట్లాడుకోరు," అంది. పొద్దుటి వాళ్లని మధ్యాహ్నం వాళ్లతో జత చేసింది. లిఫ్టాయనకి పెద్దమ్మ పడింది. కాలరు, కఫులు ఆవిడవి, మిగతా చొక్కా అతనిది. వాళ్ల అర నంబరు మూడు.

మొదటి చొక్కా అరలో పెట్టిన మరుసటి శనివారం అతనికి చీటీ వచ్చింది. పొడుగ్గా, ముద్రించినట్టున్న అక్షరాలు. "బాబూ, నీ పక్క కుట్టు చూస్తే వెనకాల ఎవరో తరుముతున్నట్టుంది. చంక దగ్గర గెంతింది, నడుము దగ్గర పడిపోయింది. ఎవరూ తరమడం లేదు. మెల్లగా తొక్కు."

అతను దాన్ని బస్‌స్టాపులో నిలబడి మూడుసార్లు చదివాడు. ఒక బస్సు వెళ్లిపోయింది. ఇరవై మూడేళ్లలో అతను లిఫ్టు ఎలా నడిపాడో ఎవరూ చెప్పలేదు. బాగా నడిపావనీ అనలేదు, కుదిపావనీ అనలేదు. ఇంటికెళ్లి ఆ వారమంతా మెల్లగా తొక్కాడు.

ఆవిడకి తనేం రాయాలో మాత్రం తోచలేదు. "కఫులు బాగున్నాయి" అని రాశాడు. వారం తర్వాత జవాబు వచ్చింది. "బాగున్నాయనడానికి కాగితం ఎందుకు దండగ? ఏం బాగుంది? ఎక్కడ బాగుంది?"

అప్పుడతను కఫు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి నిజంగా చూశాడు. అటు తిప్పి, ఇటు తిప్పి, లోపలి వైపు చూశాడు. "మూల పదునుగా తిరిగింది. లోపలి బట్టని మూల దగ్గర ఏటవాలుగా కత్తిరించి తిప్పారనుకుంటాను. నేనలా చెయ్యక నాది బొద్దుగా వస్తోంది," అని రాశాడు. జవాబులో ఒక్క మాటే ఉంది. "అమ్మయ్య."

చీటీ వెళ్లి చీటీ రావడానికి వారం పట్టేది. ఆ వారమంతా అతనికి చీటీలో ఏముంటుందా అనే ధ్యాస. మెల్లమెల్లగా కుట్టు కింద ఒకటి రెండు వేరే వాక్యాలు చేరాయి. ఆవిడ పటాల ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేసిందట. ఇంజినీర్లు గీసిన గీతల మీద పల్చని కాగితం పరిచి మళ్లీ గీయడం ఆవిడ పని. "నా సొంత గీత ఒక్కటీ లేదు, కానీ నాది కాని గీత ఒక్కటీ వంకర పోలేదు," అని రాసింది. ఇంట్లో తనూ, తన చెల్లెలూ. ఇద్దరే. "దానికి నా మాట మీద తప్ప అన్నింటి మీదా శ్రద్ధే." ఇంకోసారి, "లిఫ్టులో నిన్ను ఎవరైనా ఏదైనా అడిగేవారా?" అని అడిగింది.

"ఒకాయన అడిగేవాడండి. లిఫ్టు ఎప్పుడు బాగవుతుందని," అని రాశాడు.

చీటీలన్నీ అతను బియ్యం డబ్బా పక్కన ఒక అట్టపెట్టెలో దాచుకున్నాడు. ఆదివారం చెల్లెలు ఫోన్ చేస్తే కఫు మూల గురించి పది నిమిషాలు చెప్పాడు. చెల్లెలికి కుట్టు పని వచ్చు కాబట్టి పాపం ఓపిగ్గా వింది.

నాలుగో నెల మొదట్లో ముదురు నీలం బట్ట ఇచ్చారు. ఆ వారం వచ్చిన కాలరు చూసి అతను ఆగిపోయాడు. కాలరు చుట్టూ అంచుకి సమానమైన దూరంలో పై కుట్టు వెయ్యాలి. పెద్దమ్మ వేసిన కుట్టు కుడివైపు స్కేలు పెట్టినట్టే ఉంది. ఎడమ కొస దగ్గర మాత్రం అంచు వదిలి లోపలికి జరిగి, మళ్లీ వెనక్కి వచ్చింది. మిషను కదిలిందేమో అనుకున్నాడు. చీటీలో రాద్దామని కాగితం తీశాడు. ముప్పై ఏళ్లు వంకర గీత గీయని మనిషి. ఈ మాట ఎలా రాయాలి? చదివి చిన్నబుచ్చుకుంటే? వచ్చే వారం అర ఖాళీగా ఉంటే?

కాగితం పక్కన పెట్టి, కత్తెర కొసతో ఆ కుట్టు మొత్తం విప్పేశాడు. అదే రంగు దారంతో మళ్లీ తిన్నగా వేశాడు. చీటీలో కఫుల మడత గురించి రాశాడు.

మరుసటి వారం కుట్టు ఇంకా జరిగింది. ఆ పై వారం ఎడమ కఫు మీద కుట్టు అంచు దాటి గాల్లోకి వెళ్లిపోయి, దారం ఊరికే వేలాడుతోంది. అతను ప్రతిసారీ విప్పాడు, ప్రతిసారీ కుట్టాడు. ఆవిడ చీటీలో అక్షరాలు పెద్దవవుతున్నాయి, వాక్యాలు కిందికి వాలుతున్నాయి. మూడో వారం చీటీ చివర, "కాలరు గీత ఎలా వస్తోంది? సరిగ్గా చూసి చెప్పు," అని ఉంది.

అతను చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. కింద దుకాణంలో ఎవరో టైరు మీద సుత్తితో కొడుతున్నారు. చివరికి, "గీత తిన్నగా ఉందండి," అని రాశాడు.

నాలుగో నీలం చొక్కా చూసి మేడమ్ తెగ సంతోషపడింది. సోమవారం పాఠంలో దాన్ని కెమెరాకి దగ్గరగా పెట్టి, "మూడో అర వాళ్ల కాలరు చూడండి. పెద్దమ్మగారి పనితనమంటే ఇదీ," అంది.

పైకప్పు గడిలోంచి గొంతు వచ్చింది. "మేడమ్, అది నా కుట్టు కాదు."

"అదేంటండీ?"

"శనివారం వేలితో తడిమి చూశాను. నేను అంగుళానికి ఎనిమిది కుట్లు వేస్తాను. దాని మీద పదకొండున్నాయి. ఎవరు వేశారో ఆయన్నే అడగండి."

మైకు తెరవడానికి లిఫ్టాయన వేలు రెండుసార్లు తప్పింది. "నేనేనండి," అన్నాడు.

"ఎందుకు?" అంది మేడమ్.

గళ్లన్నీ తనవైపే చూస్తున్నట్టు అనిపించింది. "కొంచెం... పక్కకి జరిగిందండి. సరిచేశాను."

"ఒక్కటేనా?" అని అడిగింది పెద్దమ్మ.

"నాలుగు."

పైకప్పు ఉన్న గడి నల్లబడి మాయమైంది. పదమూడు గళ్లు మిగిలాయి.

శనివారం అరలో కాలరు లేదు. చీటీ ఒక్కటే ఉంది. ఒక్కో అక్షరం బొటనవేలంత ఉంది. "బాబూ, కళ్లు మసకేస్తున్నాయని నాకు అనుమానంగా ఉంది. ఇంట్లో చెల్లెల్ని అడిగితే నీకేం, బ్రహ్మాండంగా ఉన్నావంటుంది. మేడమ్ కూడా మెచ్చుకుంటుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడివి నువ్వొక్కడివే అనుకున్నాను. అందుకే అడిగాను. తిన్నగా ఉందన్నావు. నమ్మి, వంక నా మనసుదేలే అనుకుని ఊరుకున్నాను."

ఆ రోజు అతను మిషను ముందు కూర్చుని సూదిలోకి దారం ఎక్కించలేకపోయాడు. పక్కావిడ ఎక్కించి పెట్టింది.

తర్వాతి శనివారం అర ఖాళీ. ఆ పై శనివారమూ ఖాళీ. అతను ఒంటరిగా మిగిలాడని మేడమ్ ఇంకొకావిడతో జత చేసింది. ఫోన్‌లో సగం చెవి మాత్రమే కనిపించే ఆవిడ. ఆవిడ జతగాడు ఫ్యాక్టరీలో పని దొరికి మానేశాడు. ఆవిడ మొదటి చీటీలో "సూపర్ అన్నయ్యా" అని ఉంది. అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. అట్టపెట్టెలో పెట్టలేదు. జవాబుగా, "గుండీ పట్టీ మూడో కాజా దగ్గర ముడతపడింది. బట్టని లాగి కుట్టినట్టున్నారు," అని రాసి, గుండుసూది గుచ్చి వచ్చాడు.

రెండు రోజులకి ఆవిడ ఫోన్ చేసింది. "ఏంటన్నయ్యా, మేడమ్ చూసే చీటీలో అంత మాట రాయాలా?"

"తప్పు రాశానా?"

"తప్పని కాదు..." ఆవిడ నసిగింది. తర్వాత, "అయితే ఎలా కుట్టాలి మరి?" అంది.

తెలిసినంత చెప్పాడు. మొత్తం పావుగంట. ఫోన్ పెట్టాక ఆ గది మునుపటికంటే నిశ్శబ్దంగా అనిపించింది. ఆ మాటలన్నీ అసలు ఎవరికి చెప్పాల్సినవో వాళ్లకి చెప్పలేదు.

ఆ శనివారం తలుపు దగ్గర మేడమ్‌ని ఆపి అడిగాడు. "పెద్దమ్మగారు ఎలా ఉన్నారండీ?"

"కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లారట. ఎప్పటినుంచి ఇలా ఉంది, ఏ పక్క మొదలైంది అని అడిగితే ఆవిడ చెప్పలేకపోయారట. ఆవిడకేం తెలుస్తుంది, చూసేదీ ఆ కళ్లతోనే కదా."

"ఆ నాలుగు నీలం చొక్కాలు మీ దగ్గరున్నాయా?"

"బీరువాలో ఉన్నాయి. ఎందుకు?"

"ఒక్క గంట ఇవ్వండి."

దారం విప్పినా సూది పొడిచిన చిల్లులు ముదురు రంగు దళసరి బట్ట మీద అంత తొందరగా పూడుకోవు. కాలరుని కిటికీ అద్దానికి ఆనించి పట్టుకుంటే, అతను వేసిన తిన్నటి కుట్టు పక్కనే, ఆవిడ నడిచిన దారి సన్నటి వెలుగు చుక్కలుగా కనిపించింది. అతను టేపు పెట్టి కొలిచాడు. ఒక్కొక్క చొక్కా, ఒక్కొక్క మూల, చిల్లు వెంట చిల్లు. అద్దం అవతల వీధిలో జనం వెళ్తున్నారు. మధ్యాహ్నం బ్యాచి వాళ్లు వచ్చి, మిషన్ల ముందు కూర్చుని, అతన్ని వింతగా చూశారు. పట్టించుకోలేదు.

మూడు పేజీల కాగితం నింపాడు. ఎవరికైనా చదవడానికి వీలుగా పెద్ద అక్షరాలతో రాశాడు. మొదటి చొక్కా అతని చేతికి వచ్చిన తారీఖు, ఎడమ కొస నుంచి ఎంత దూరంలో కుట్టు జరగడం మొదలైంది, ఎంత జరిగింది. రెండోది. మూడోది. నాలుగోదానికి కుడివైపు కూడా చివర వెంట్రుకవాసి తేడా ఉంది. అదీ రాశాడు. అన్నింటికంటే కింద, "తిన్నగా ఉందని రాసిన రోజు అంచు నుంచి పావంగుళం పక్కకి పోయింది. నాకు కనిపించింది. మీ చీటీలు ఆగిపోతాయని భయపడి అబద్ధం రాశాను," అని రాశాడు. ఇంకేమీ తోచలేదు. కాగితాలు మడిచి మేడమ్ చేతిలో పెట్టాడు.

"ఇప్పుడివి ఇస్తే ఆవిడకి కోపం పెరుగుతుందేమో," అంది మేడమ్.

"పెరగనివ్వండి. డాక్టరుకి ఇవి చూపిస్తారు."

మూడు వారాలు గడిచాయి. ఆ మూడు వారాల్లో అతను బడి పిల్లల కొలతలకి రెండు చొక్కాలు కుట్టాడు, చెవి ఆవిడతో నాలుగుసార్లు వాదించాడు, ఒకసారి ఆవిడ చెప్పిందే సరైందని ఒప్పుకున్నాడు. మిగతా వేళల్లో గదిలో కిటికీ దగ్గర కూర్చుని, కింద టైర్ల దుకాణానికి వచ్చే పోయే బళ్లని చూశాడు.

ఒక బుధవారం పాఠం అయిపోయి గళ్లన్నీ ఆరిపోయాక ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"బాబూ, నేను." బొంగురు గొంతు. ఫోన్ పైకప్పుకి కాకుండా తిన్నగా నోటికి దగ్గరగా పెట్టుకుని మాట్లాడుతోంది. అతను లేచి నిలబడ్డాడు.

"చెప్పండమ్మా."

"నీ కాగితాలు మా చెల్లెలు డాక్టరుకి చదివి వినిపించింది. డాక్టరమ్మ వాటిని ఫైల్లో పెట్టుకుంది. ఇంత వివరంగా ఎవరు రాశారని అడిగింది. లిఫ్టు నడిపే ఆయన అన్నాను. నమ్మలేదు."

అతనికి నవ్వు రాలేదు. "కళ్లు ఎలా ఉన్నాయండీ?"

"ఎడమ కంటి చూపు ఇంక పెద్దగా రాదన్నారు. కుడిదాన్ని కాపాడుకోవాలట. నెలకోసారి రమ్మన్నారు."

అతను అడగకూడదనుకున్నాడు గానీ ఆగలేకపోయాడు. "నా వల్ల పోయిన ఆ నాలుగు వారాలు..."

"అడిగాను. ముందే వచ్చుంటే మంచిదే, కానీ ఎంత మంచో చెప్పలేమన్నారు. నీకు లేనిపోని ధైర్యం చెప్పను. ఆ నాలుగు వారాల సంగతి తలుచుకుంటే నాకు కోపంగానే ఉంటుంది. ఇవాళ కూడా ఉంది."

"ఉంటుందండి," అన్నాడు.

"కాగితాలు రాయకపోయి ఉంటే ఫోన్ చేసేదాన్ని కూడా కాదు."

అవతల ఎవరో గిన్నె పెట్టిన చప్పుడైంది. ఆవిడ గొంతు పక్కకి తిప్పి, "వస్తున్నా," అని గట్టిగా అరిచి, మళ్లీ ఇటు తిరిగింది. "క్లాసుకి ఇంక రాను. సూది కనపడట్లేదు. నువ్వేం కుడుతున్నావిప్పుడు?"

అతను చెప్పాడు. పిల్లల చొక్కా, పసుపు గళ్ల బట్ట, భుజం దగ్గర గళ్లు కలవక మూడుసార్లు విప్పాల్సి వచ్చిందని. గళ్లు కలపడం ఎటునుంచి మొదలుపెట్టావని ఆవిడ అడిగింది. మెడ దగ్గర్నుంచి అన్నాడు. "చేతి దగ్గర్నుంచి మొదలెట్టు. మెడ దగ్గర కాలరు కప్పేస్తుంది, అక్కడ తప్పినా కనపడదు," అంది. అతను పెన్ను వెతుక్కుని, చేతికి అందిన కరెంటు బిల్లు వెనక ఆ మాట రాసుకున్నాడు. అవతల మళ్లీ గిన్నె చప్పుడైంది. ఫోన్ పెట్టేస్తుందేమోనని అతనికి గాభరా పుట్టింది.

"అమ్మా, నేను అప్పుడప్పుడు ఫోన్ చెయ్యొచ్చా?"

ఊపిరి చప్పుడు మాత్రం వస్తోంది.

"ఎవరు చేస్తున్నారో ఫోన్ మీద నాకు కనపడదు," అంది చివరికి. "ఎత్తగానే ముందు నువ్వెవరో చెప్పు."

"అలాగేనండి," అన్నాడు లిఫ్టాయన.